కారు ఛాసిస్ లోపలి తుప్పు: కడగడం, ఆరబెట్టడం, మైనం కొట్టడం

మన దగ్గర అండర్ కోటింగ్ పేరుతో జరిగేదంతా దాదాపుగా బయటి పనే. బండిని లిఫ్టు ఎక్కిస్తారు, కిందంతా నల్లటి పూత కొడతారు, చూడ్డానికి కొత్త బండిలా మెరుస్తుంది, డబ్బు కట్టి ఇంటికి వచ్చేస్తాం. ఛాసిస్ మాత్రం లోపల తన దారిన తాను తుప్పు పడుతూనే ఉంటుంది. బోలుగా ఉండే ఇనుప ఛాసిస్‌లో బయటి గోడకి మాత్రమే రక్షణ ఉంటే, రేకు లోపలి వైపు నుంచి పలచబడుతుంది. బయట చిన్న పొక్కు కనిపించే రోజుకి లోపల చాలా పోయి ఉంటుంది.

ఛాసిస్ లోపల కడిగి, ఆరబెట్టి, తుప్పుని ఆపే మందు, అంటే నూనెనో మైనాన్నో కొట్టే పని ఇంటి దగ్గర చేసుకోవచ్చు. కష్టమైనదేం కాదు, కాకపోతే చిరాకు పని. మూడు నాలుగు రోజులు బండి కదలదు, అందులో ఎక్కువ భాగం ఆరబెట్టడానికే పోతుంది. ఏ కంపెనీ మందు మంచిదని జనం గంటలకొద్దీ వాదించుకుంటారు గానీ, నా లెక్కలో మందు వంతు తక్కువ. లోపలి మట్టి పోయి, నీళ్ళు కారే బెజ్జాలు తెరుచుకుని, ఇనుము నిజంగా ఆరితే మామూలు మందైనా బాగానే పనిచేస్తుంది. తడి మీద ఎంత ఖరీదైన మందు కొట్టినా ఆ తడిని లోపల పెట్టి మూత వేసినట్టే.

ఏ బండ్లకి

సుమో, క్వాలిస్, హైక్రాస్ మినహా ఇన్నోవాలు, బొలెరో, స్కార్పియో, థార్, ఫార్చ్యూనర్, పాత మారుతి జిప్సీ, వీటన్నిటికీ ఛాసిస్ వేరు, బాడీ వేరు. పొడవునా రెండు లాంగ్ మెంబర్లు, వాటిని కలుపుతూ అడ్డంగా క్రాస్ మెంబర్లు, మొత్తం నిచ్చెన ఆకారం. లారీల్లో లాంగ్ మెంబర్ ఒక వైపు తెరిచి ఉంటుంది కాబట్టి లోపలి తుప్పు కంటికి కనిపిస్తుంది, బ్రష్షు అందుతుంది. పైన చెప్పిన బండ్లలో మాత్రం కొంత భాగమో, మొత్తమో నాలుగు వైపులా మూసిన బాక్సు. ఎంత మేర మూసి ఉందన్నది మోడల్‌ని బట్టి, తయారైన సంవత్సరాన్ని బట్టి మారుతుంది. కింద పడుకుని టార్చి వేస్తే రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

స్విఫ్ట్, ఆల్టో లాంటి చిన్న కార్లకి విడి ఛాసిస్ ఉండదు. కానీ తలుపుల కింద నడిచే సిల్లులు, ముందు ఇంజన్‌ని మోసే రెండు మెంబర్లు, వెనక బంపర్ దాకా వెళ్ళే మెంబర్లు, అన్నీ బోలే. ఈ పద్ధతే వాటికీ పనికొస్తుంది. రేకు పలచన కాబట్టి సుత్తితో కొట్టి చూడటం మాత్రం మానండి.

లోపల ఎందుకు పడుతుంది

ఫ్యాక్టరీలో ఛాసిస్‌ని రంగు ద్రావణంలో ముంచి కరెంటు పెడతారు. కరెంటు లాగినంత మేర రంగు ఇనుముకి అంటుకుంటుంది. బాక్సు లోపలి మూలల్లోకి ఆ కరెంటు ప్రభావం సరిగా చేరదు. అందుకే బయట పూత దళసరిగా, లోపల పలచగా ఉంటుంది, వెల్డింగ్ అతుకుల దగ్గర ఒక్కోసారి అసలే ఉండదు.

ఇక బాక్సుకి బెజ్జాలు చాలా ఉంటాయి. కొన్ని తయారీలో పట్టుకోవడానికి పెట్టినవి, కొన్ని వైర్ల కోసం, కొన్ని నీళ్ళు కారిపోవడానికి. టైరు విసిరే బురద ఈ బెజ్జాల్లోంచే లోపలికి పోతుంది. వెనక యాక్సిల్ దగ్గర ఛాసిస్ విల్లులా పైకి లేచి మళ్ళీ దిగుతుంది కదా, ఆ వంపుకి ముందూ వెనకా పల్లం ఏర్పడుతుంది. మట్టి అక్కడ చేరి, నీళ్ళు కారే బెజ్జాన్ని మూసేస్తుంది. వాన వెలిసి బయట ఎండ కాసినా ఆ మట్టి వారాల తరబడి తడిగానే ఉంటుంది.

కోస్తాలో దీనికి ఉప్పు తోడవుతుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఆ తేమని పీల్చుకుని తనంతట తానే కరిగి నీరవుతుంది. సముద్రపు ఉప్పులో కొంచెం ఉండే మెగ్నీషియం క్లోరైడుకైతే 33 శాతం తేమ చాలు. విశాఖలోనో కాకినాడలోనో బందరులోనో రాత్రి పూట గాలిలో తేమ 75 దాటడం వింత కాదు. అంటే చుక్క వాన పడకపోయినా, షెడ్డులో పెట్టిన బండికైనా, లోపల ఉప్పు పేరుకుని ఉంటే ఇనుము ప్రతి రాత్రీ తడుస్తున్నట్టే. బీచ్‌లో తడి ఇసుక మీద బండి తోలే సరదా ఉన్నవాళ్ళూ, భీమవరం, కైకలూరు వైపు రొయ్యల చెరువుల గట్ల మీద రోజూ తిరిగేవాళ్ళూ ఏటా ఒకసారి లోపల చూసుకోవాల్సిందే.

హైదరాబాద్, వరంగల్ బండ్లకి ఈ బాధ తక్కువ. మునిగిన బండ్ల సంగతి వేరు. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదల్లో, 2024 సెప్టెంబరులో విజయవాడ బుడమేరు వరదల్లో నీట మునిగిన బండ్లు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఇంజన్, వైరింగ్, సీట్లు బాగు చేయించారు. ఛాసిస్ లోపల పేరుకున్న సన్నటి ఒండ్రు సంగతి పట్టించుకున్నవాళ్ళు తక్కువ. సెకండ్ హ్యాండ్‌లో అలాంటి బండి కొని ఉంటే ముందు చేయాల్సిన పని ఇదే.

అమెరికాలో మిషిగన్, ఒహాయో, న్యూజెర్సీ లాంటి చోట్ల ఉండే మనవాళ్ళకి సముద్రంతో పనిలేదు. మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పే చాలు. అక్కడ టయోటా టకోమా, టండ్రా, సెకోయా బండ్ల ఛాసిస్‌లు తుప్పుతో తినేస్తున్నాయని యజమానులు కోర్టుకి వెళ్తే, 2016లో కంపెనీ రాజీకి ఒప్పుకుంది. బాగా చెడిపోయిన బండ్లకి ఛాసిస్ మొత్తం మార్చి ఇచ్చే ఆ ఒప్పందం విలువ 340 కోట్ల డాలర్ల దాకా ఉంటుందని అప్పట్లో లెక్క వేశారు.

ఎప్పుడు చేయాలి

మండు వేసవిలో. రోహిణి కార్తె ఎండలకి రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండే మనకి ఉచితంగా దొరికే డ్రయ్యరు. మృగశిర రాకముందే, అంటే జూన్ మొదటి వారం లోపు ముగించుకుంటే వానాకాలానికి బండి సిద్ధం. ముసురు రోజుల్లో మొదలుపెడితే కడగడం వరకే అవుతుంది, ఆరడం అవదు.

ముందు గట్టిదనం చూడండి

బండిని చదునైన గచ్చు మీద పెట్టండి. హ్యాండ్ బ్రేక్ వేసి, ఎత్తని చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టి, జాకీతో లేపి జాకీ స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. ఒక్క జాకీ మీద ఉన్న బండి కిందకి చెయ్యి కూడా పెట్టొద్దు. ఇటుకలూ సిమెంటు దిమ్మలూ స్టాండ్లకి బదులు కావు, బరువు పడితే ఒక్కసారిగా పగులుతాయి. స్టాండ్లు లేకపోతే గంట లెక్కన ర్యాంపు అద్దెకి ఇచ్చే సర్వీసింగ్ సెంటర్‌కి వెళ్ళడం నయం.

చిన్న సుత్తితో లాంగ్ మెంబర్ పొడవునా జానెడుకొక చోట తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. మట్టి నిండిన చోట, పెళ్ళలు లేచిన చోట దబ్ దబ్ మంటుంది. అలా పలికిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తర్వాత ఆ గుర్తుల దగ్గర స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కి చూడండి. ముఖ్యంగా వెనక యాక్సిల్ పైన వంపు, కమాన్ కట్ట తగిలించే బ్రాకెట్ల వెనక, బాడీ బోల్టులు దిగే చోట్లు, క్రాస్ మెంబర్ వెల్డింగ్ అతుకులు, డీజిల్ ట్యాంకు పక్క గోడ. ట్యాంకు పక్కన మాత్రం చేతి పనిముట్లతోనే చూడండి, డ్రిల్లు వద్దు.

స్క్రూడ్రైవర్ దిగబడిందంటే పని అక్కడ ఆపండి. అది మందుతో తీరే జబ్బు కాదు. లప్పం పెట్టి, ఫైబర్ అతికించి, పైన నల్ల పూత కొట్టి అమ్మేసే బండ్లు మార్కెట్‌లో కనిపిస్తూనే ఉంటాయి. ఛాసిస్‌కి ఆ మరమ్మతు పనికిరాదు. చెడిన భాగం కోసి, సరైన మందం ప్లేటు వేసి వెల్డింగ్ చేయగల చోటికి తీసుకెళ్ళాలి, ఆ తర్వాతే లోపలి పని.

తర్వాత ఫోనుకి తగిలించుకునే సన్నటి కెమెరా ఒకటి కొనండి. ఎండోస్కోప్ కెమెరా అని వెతికితే ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేల లోపే దొరుకుతుంది. వైరు కనీసం 3 మీటర్లు, కాస్త బిరుసుగా ఉండేది తీసుకోండి. మెత్తటి వైరు లోపల మడత పడి ముందుకి పోదు. ఒక్కో బెజ్జంలోంచి దూర్చి వీడియో తీసి పెట్టుకోండి. పని అయ్యాక మళ్ళీ తీసి పక్కపక్కన చూస్తే ఎక్కడ మిగిలిందో తెలుస్తుంది. లోపల ఎర్రటి పొడిలా ఉంటే కంగారు లేదు, దాదాపు ప్రతి పాత బండిలో ఉండేదే. పొరలు పొరలుగా అట్టలు లేస్తే మాత్రం ఎక్కువ పని పెట్టుకోవాలి.

ఇంకో మాట. చాలా బండ్లకి ఛాసిస్ నంబరు కుడి వైపు లాంగ్ మెంబర్ ముందు భాగంలో చెక్కి ఉంటుంది. అది ఎక్కడుందో ముందే వెతికి, ఫొటో తీసి, టేపు వేయండి. అక్కడ వైర్ బ్రష్షు గానీ గ్రైండర్ గానీ తగలకూడదు. 15 ఏళ్ళకి ఆర్‌సీ రెన్యువల్‌కి వెళ్ళినప్పుడు అంకెలు చెరిగి ఉంటే ఆర్‌టీఓ ఆఫీసులో పడే టెన్షన్ ముందు తుప్పు బాధ చిన్నదైపోతుంది.

కడగడం

ముందు నీళ్ళు పెట్టకండి. ఎండు మట్టిని ఎండుగానే తీయాలి. నీళ్ళు తగిలితే బెజ్జాల దగ్గరున్న ఒండ్రు ముద్దయి ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది.

రబ్బరు ప్లగ్గులన్నీ ఊడదీసి డబ్బాలో వేయండి. ఏది ఎక్కడిదో ఫొటో తీసుకుంటే తర్వాత వెతుకులాట ఉండదు. కింది వైపు బెజ్జాలన్నీ మందపాటి బైండింగ్ వైరుతో గుచ్చి తెరవండి. ఆ తర్వాత రబ్బరు సుత్తితో లాంగ్ మెంబర్‌ని రెండు వైపులా తడుతూ పోతే మట్టి జారుతుంది. వాక్యూమ్ క్లీనర్ గొట్టానికి సన్నటి ప్లాస్టిక్ పైపు టేపుతో బిగించి లోపలికి దూర్చి లాగండి. కంప్రెసర్ ఉంటే ఒక చివర గాలి కొట్టి రెండో చివర గోనె సంచి కట్టండి. కళ్ళద్దాలు, ఎన్95 మాస్కు లేకుండా ఈ పని వద్దు. తుప్పు పొడి కంట్లో పడితే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. వెనక భాగంలో ఒక్కో బండి నుంచి బొచ్చెడు మట్టి వస్తుంది. ఎలుకలు లోపల గూడు కట్టుకుని ఉంటే గడ్డి, గుడ్డ పేలికలు కూడా వస్తాయి. అవి స్పంజిలా నీళ్ళు పట్టి ఉంచుతాయి, కొక్కెం పెట్టి పూర్తిగా లాగేయండి.

ఇప్పుడు నీళ్ళు. ఇక్కడ కోస్తావాళ్ళు జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఒకటుంది. తీరం దగ్గర చాలా వాటర్ సర్వీసింగ్ పాయింట్లలో వాడేది బోరు నీళ్ళు, చాలా చోట్ల అవి ఉప్పు నీళ్ళే. ఉప్పు వదిలించడానికి వెళ్ళి ఉప్పు ఎక్కించుకుని వస్తాం. నోట్లో వేసుకుంటే ఉప్పగా తగిలే నీళ్ళు ఛాసిస్ లోపలికి పనికిరావు. ఇంట్లో వాటర్ ప్యూరిఫయర్ కోసం కొన్న టీడీఎస్ మీటరు, అంటే నీళ్ళలో కరిగిన లవణాలని కొలిచేది, ఉంటే బకెట్లో ముంచి చూడండి. మున్సిపాలిటీ కుళాయి నీళ్ళో, కాలవ నీళ్ళు శుద్ధి చేసి వదిలేవో అయితే మేలు. మొదటి కడుగుడు బోరుతో కానిచ్చినా ఆఖరి కడుగుడు మంచినీళ్ళతోనే.

బండిని వెనక్కి వాలుగా ఉంచాలి. ముందు చక్రాల కింద పలకలు వేసి ముక్కు పైకి లేపితే నీళ్ళు వెనక్కి పారుతాయి. పై చివర నుంచి మొదలుపెట్టి కిందకి రండి. మామూలు ప్రెషర్ గన్ బెజ్జం ముందు పెట్టి కొడితే ఎదురుగా ఉన్న గోడ మాత్రమే తడుస్తుంది. దానికి బదులు డ్రెయినేజీ పైపులు శుభ్రం చేయడానికి వాడే సన్నటి జెట్ గొట్టం తీసుకోండి. ప్రెషర్ వాషర్‌కి తగిలించేదే. దాని మూతి నుంచి నీళ్ళు వెనక వైపుకి చిమ్ముతాయి, ఆ తోపుకి గొట్టం తనంతట తానే ముందుకి పాకుతుంది, బయటికి లాగేటప్పుడు మట్టినంతా మీ వైపుకి ఊడ్చుకుంటూ వస్తుంది. గొట్టం మూతి బాగా లోపలికి పోయాకే గన్ నొక్కాలి. బయట ఉండగా నొక్కితే పాములా ఎగిరి మొహానికి కొడుతుంది.

నీళ్ళు ఎర్రగా, తర్వాత బూడిద రంగులో, చివరికి తేటగా వస్తాయి. తేటగా వచ్చాక కూడా ఇంకో పది నిమిషాలు పారించండి. మట్టి పోయినంత త్వరగా ఉప్పు పోదు, అతుకుల సందుల్లో దాక్కుంటుంది. లోపల ఆయిల్ జిడ్డు ఉంటే కారు షాంపూ కలిపిన గోరువెచ్చని నీళ్ళు ఒకసారి. బట్టల సోడా, ఫ్లోర్ క్లీనింగ్ యాసిడ్, టాయిలెట్ క్లీనర్ దగ్గరికి రానివ్వకండి. యాసిడ్ తుప్పుని తింటుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. తింటుంది, నిజమే, కానీ అతుకుల్లో మిగిలిపోయి ఆ తర్వాత మంచి ఇనుమునీ తింటుంది.

పెళ్ళలు లేచిన చోట

అంతటా చేయక్కర్లేదు, సుద్దతో గుర్తు పెట్టిన చోట మాత్రమే. పాత బైక్ క్లచ్ వైర్లు రెండు మూడు కలిపి, ఒక కొసన రెండు అంగుళాలు పురి విప్పి చీపురులా చేయండి. రెండో కొస డ్రిల్లు చక్‌లో బిగించి, బెజ్జంలోంచి దూర్చాక తక్కువ స్పీడులో తిప్పితే విప్పిన తీగలు లోపలి గోడల్ని కొట్టుకుంటూ పెళ్ళల్ని రాలుస్తాయి. పక్కనే వైరింగ్ గానీ బ్రేక్ పైపు గానీ బాక్సు లోపలి నుంచి వెళ్తుంటే ఆ జాగాలో ఈ పని వద్దు, కెమెరాతో ముందే చూసుకోండి. రాలినదంతా వాక్యూమ్‌తో లాగి, మళ్ళీ ఒకసారి నీళ్ళు.

మెరిసే ఇనుము కనిపించేదాకా గీకాలని పట్టు పట్టొద్దు. లోపల అది సాధ్యం కాదు. ఊడిపోయేది ఊడితే చాలు, అంటుకుని ఉన్న పలచటి తుప్పులోకి నూనె ఎలాగూ దిగుతుంది.

ఆరబెట్టడం

జనం తొందరపడేది ఇక్కడే. కడిగిన సాయంత్రమే మందు కొట్టేస్తారు. బయట గోడ చేతికి వేడిగా తగిలినా లోపల క్రాస్ మెంబర్ అతుకులో నీళ్ళు నిలిచే ఉంటాయి.

ముందు కంప్రెసర్ గాలితో ప్రతి బెజ్జంలోంచీ ఊదండి. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్ళు కింది కుళాయి తిప్పి వదిలేశాక మొదలుపెట్టండి, లేకపోతే ఆ నీళ్ళే లోపలికి పోతాయి. తర్వాత బండిని రెండు నిండు రోజులు ఎండలో ఉంచండి, ప్లగ్గులు తీసే ఉంచి. రాత్రి మంచు, తేమ ఎక్కువ ఉన్న చోట సాయంత్రం షెడ్డులోకి మార్చండి. తొందరగా కావాలంటే హెయిర్ డ్రయ్యర్‌నో బ్లోయర్‌నో ఒక చివర పెట్టి గంట రెండు గంటలు వెచ్చటి గాలి పంపొచ్చు. పంపు స్టవ్, గ్యాస్ బర్నర్, వెల్డింగ్ టార్చి, ఏదీ వద్దు. ట్యాంకు, ఇంధనం పైపులు, వైరింగ్ అన్నీ లాంగ్ మెంబర్‌ని ఆనుకునే నడుస్తాయి.

ఆరిందో లేదో కెమెరాతో చూస్తే తెలుస్తుంది. తడి ఇనుము ముదురు రంగులో, ఆరినది లేత ఇటుక రంగులో కనిపిస్తుంది. కింది బెజ్జంలోంచి టిష్యూ కాగితం చుట్టిన పుల్ల దూర్చి తీసినా తెలుస్తుంది.

ఏ మందు

లోపలికి రంగు, ప్రైమర్ వేయాలని చాలామంది అనుకుంటారు. రంగు నిలవాలంటే కింద శుభ్రమైన, గరుకు చేసిన ఇనుము కావాలి. బాక్సు లోపల అది అయ్యే పని కాదు. తుప్పు మీద వేసిన రంగు అట్టలా లేస్తుంది, ఆ అట్ట వెనక నీళ్ళు చేరతాయి. జింక్ ప్రైమర్ కూడా అంతే. జింక్ పనిచేయాలంటే అది నేరుగా ఇనుముకి తగలాలి, మధ్యలో తుప్పు పొర ఉంటే దాని గుణం పోతుంది. కొత్త ప్లేటు వెల్డింగ్ చేసిన చోట, చెయ్యి పట్టే జాగాలో అయితే ప్రైమర్ వేసుకోండి.

రస్ట్ కన్వర్టర్లు ఫాస్ఫారిక్ యాసిడ్‌తోనో టానిక్ యాసిడ్‌తోనో తుప్పుని నల్లటి గట్టి పొరగా మారుస్తాయి. బయటి భాగాలకి మంచివే. మూసిన బాక్సులో ఎక్కువైన యాసిడ్‌ని కడిగి తీయడం కష్టం కాబట్టి నేను లోపలికి సిఫారసు చేయను.

తారు లాంటి దళసరి అండర్ కోటింగ్ లోపలికి అసలు వద్దు. అది బయట రాళ్ళ దెబ్బకి. లోపల కొడితే నీళ్ళు కారే బెజ్జాలు పూడుకుపోతాయి, ఎండాకాలాలు నాలుగు గడిచాక నెర్రెలు ఇస్తుంది, నెర్రెల్లోకి దిగిన నీళ్ళు బయటికి రావు.

మిగిలేవి రెండు రకాలు. ఒకటి ఎప్పటికీ ఆరని నూనె. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ కలిపిన ఫ్లూయిడ్ ఫిల్మ్ లాంటివి ఈ రకం. సందుల్లోకి బాగా పాకుతుంది, ఇప్పటికే తుప్పు ఉన్న పాత బండికి ఇదే నయం. కానీ కారుతుంది, దుమ్ము పడుతుంది, ఏటా కొట్టాలి. రెండోది కేవిటీ వ్యాక్స్, అంటే మైనం. కొట్టేటప్పుడు పలచగా ఉండి సందుల్లోకి దిగుతుంది, తర్వాత సాల్వెంట్ ఎగిరిపోయి మెత్తటి పొరలా మిగులుతుంది. వర్త్, లిక్వి మోలీ, 3ఎం లాంటి కంపెనీలు ఈ తరహావి తయారుచేస్తాయి. డబ్బా మీద కేవిటీ అని స్పష్టంగా ఉండాలి, అండర్ బాడీ అని ఉంటే అది వేరే సరుకు. కొత్త బండికి, శుభ్రంగా ఉన్న బండికి మైనం. రెండూ కావాలంటే ముందు నూనె కాదు, ముందు మైనమే. నూనె మీద మైనం పట్టదు.

మరి లారీలకి సర్వీసింగ్ అయ్యాక కొట్టే డీజిల్, కాలిన ఇంజన్ ఆయిల్ సంగతి? డీజిల్ ఎండకి కొన్ని రోజుల్లో ఎగిరిపోతుంది, ఉన్నన్నాళ్ళూ రబ్బరు బుష్షుల్ని ఉబ్బేలా చేస్తుంది. కాలిన ఆయిల్‌లో ఇంజన్ మండించిన మసి, ఆమ్లాలు ఉంటాయి, నేలని పాడుచేస్తుంది, చర్మానికి మంచిది కాదు. లారీకి ఏటా మళ్ళీ కొట్టేవాళ్ళుంటారు, తెరిచిన ఛాసిస్ కాబట్టి కొంత ఉపయోగం. కారు బాక్సులోకి అవసరం లేదు.

బ్యాటరీకి తగిలిస్తే తుప్పు పట్టకుండా కాపాడుతుందని అమ్మే ఎలక్ట్రానిక్ డబ్బాల మీద డబ్బు పెట్టకండి. ఓడకీ భూమిలో పాతిన పైపుకీ ఆ పద్ధతి పనిచేసేది, చుట్టూ నీళ్ళో తడి మట్టో ఎడతెగకుండా ఉండి కరెంటుని మోస్తుంది కాబట్టి. గాలిలో తిరిగే కారుకి ఆ దారి లేదు.

ఎంత కావాలో లెక్క వేసుకోండి. లాంగ్ మెంబర్ పొడవు 4 మీటర్లు, కొలతలు 15 సెం.మీ. × 8 సెం.మీ. అనుకుంటే లోపలి చుట్టుకొలత 46 సెం.మీ., అంటే ఒక్కోదానికి సుమారు 1.8 చదరపు మీటర్లు. రెండింటికీ 3.7. క్రాస్ మెంబర్లతో కలిపి 5 అనుకోండి. చదరపు మీటరు మీద 1 మైక్రాన్ మందానికి 1 మి.లీ. పడుతుంది. 250 మైక్రాన్ల తడి పొర కావాలంటే 1,250 మి.లీ. కారిపోయేదీ గాలిలో కలిసేదీ కలుపుకుని 2 లీటర్లు దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. 500 మి.లీ. స్ప్రే డబ్బా ఒక్కటి కొని మొత్తం బండికి సరిపెట్టామంటే ఎక్కడో పొడిగా మిగిలిందని అర్థం.

కొట్టడం

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ఈ సాల్వెంట్లు మండుతాయి, కాబట్టి బీడీ, సిగరెట్టు, పక్కన వెల్డింగ్ ఏదీ ఉండకూడదు. మూసిన షెడ్డులో చేయొద్దు. ఎన్95 మాస్కు దుమ్ముకే, సాల్వెంట్ ఆవిరికి రంగు కొట్టేవాళ్ళు వాడే కార్ట్రిడ్జి మాస్కు కావాలి. బ్రేక్ డిస్కులు, డ్రమ్ములు, సైలెన్సర్, రబ్బరు బుష్షులు, సెన్సర్లు పాలిథిన్ సంచులతో కప్పి కట్టండి. బ్రేక్ మీద ఒక్క చుక్క పడినా ప్రమాదమే. కింద అట్టపెట్టెలు పరవండి, గచ్చు మీద పడిన మైనం పోదు.

పనిముట్టు ముఖ్యం. కంప్రెసర్‌కి తగిలించే గన్, దానికి మీటరు పైన పొడవున్న సన్నటి నైలాన్ గొట్టం, గొట్టం చివర చుట్టూరా చిమ్మే మూతి. ముందుకే చిమ్మే మూతితో పక్క గోడలు పొడిగా మిగిలిపోతాయి. గొట్టం మీద జానెడుకొకచోట రంగు టేపు చుట్టండి, ఎంత లోపలికి పోయిందో తెలుస్తుంది. మైనం చల్లగా, చిక్కగా ఉంటే డబ్బాని వేడి నీళ్ళ బకెట్లో పావుగంట ఉంచండి. స్టవ్ మీద పెట్టకండి.

మొదట ఒక అట్టపెట్టె లోపల కొట్టి చూడండి. నాలుగు గోడలూ ఒకేలా తడిస్తే సరే. తర్వాత గొట్టాన్ని బాక్సు చివరిదాకా దూర్చి, ట్రిగ్గర్ నొక్కి, తొందర లేకుండా బయటికి లాగండి. మీటరు దూరానికి పది సెకన్లు అనుకోండి. పక్క బెజ్జంలోంచి పొగలా బయటికి వస్తుంటే లోపల నిండుతున్నట్టు. అదే బెజ్జంలోంచి గొట్టాన్ని రెండో వైపుకి తిప్పి మళ్ళీ. ప్రతి బెజ్జంలోంచీ ఇలా చేస్తే ఒకదాని పరిధి ఇంకోదాని మీద పడుతుంది, అదే కావాలి. వెనక వంపు దగ్గర, బ్రాకెట్ల లోపల రెండో చుట్టు వేయండి. రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కలిసే అతుకుల దగ్గర పలచటిది ముందు, అరగంట ఆగి దళసరిది. ముందే దళసరిగా కొడితే సందులోకి దిగకుండా పైనే మూత పడుతుంది.

అయ్యాక కెమెరాతో మళ్ళీ చూడండి. లెన్సుకి మైనం అంటుకుంటుంది, కిరోసిన్ అద్దిన గుడ్డ పక్కన పెట్టుకోండి. పొడిగా మిగిలిన మచ్చ కనిపిస్తే అప్పుడే కొట్టేయండి, తర్వాత అంటే ఎవరూ చేయరు.

బండిని ఆ రాత్రి అలాగే వదిలేయండి. మిగిలింది కింది బెజ్జాల్లోంచి కారుతుంది. మర్నాడు పొద్దున నీళ్ళు కారే ప్రతి బెజ్జాన్నీ వైరుతో గుచ్చి తెరవండి. ఇది మరిచిపోతే మీరే బెజ్జాలకి బిరడా కొట్టినట్టు, మొదటి వానకే లోపల చెరువు. ఫ్యాక్టరీ పెట్టిన ప్లగ్గులు మాత్రమే తిరిగి పెట్టండి, తెరిచి ఉండాల్సినవి తెరిచే ఉండాలి.

ఛాసిస్ నంబరు మీద టేపు తీసి పలచగా గ్రీజు రాయండి. సంచులు విప్పి, సైలెన్సర్ మీద పడిందేమైనా ఉంటే తుడవండి. మొదటిసారి తోలినప్పుడు కొంచెం పొగ వాసన వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఇంటి ముందు చుక్కలు ఇంకో వారం పడతాయి.

ఆ తర్వాత

నూనె అయితే ఏటా వేసవిలో, మైనం అయితే రెండు మూడేళ్ళకి ఒకసారి. కోస్తాలో రెండేళ్ళే అనుకోండి. మధ్యలో వానాకాలం అయ్యాక, డిసెంబరులో ఒకసారి కింది బెజ్జాలు తెరిచి ఉన్నాయో లేదో వైరుతో చూస్తే చాలు, ఐదు నిమిషాల పని. బీచ్ నుంచి వచ్చిన రోజు మంచినీళ్ళతో కింద కడగండి, వారం ఆగితే ఉప్పు అతుకుల్లోకి చేరిపోతుంది.

వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు ముందే చెప్పండి: డీజిల్ స్ప్రే వద్దు, వేడి నీళ్ళ గన్ వద్దు, గన్ మూతి ఛాసిస్ బెజ్జాల్లో పెట్టి కొట్టొద్దు. దగ్గరుండి చూసుకోవడం ఇంకా మంచిది, ఎందుకంటే కుర్రాళ్ళు అలవాటు కొద్దీ ముందు అక్కడే పెడతారు.